అరిగిన ఫైలు, విరిగే ముప్పు

రూట్ కెనాల్‌లో వాడే పరికరం ఎన్నిసార్లు తిరిగిందో రోగికి తెలియదు. లెక్క రాయకపోతే వైద్యుడికీ గుర్తుండదు

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలోని అరియాంకుప్పంలోనైనా, అదే కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువారుండే యానాంలోనైనా, పన్ను సలుపుతూ కుర్చీలో కూర్చున్న రోగి అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే: నొప్పి ఎప్పుడు తగ్గుతుంది, ఖర్చెంత? తన పంటిలోకి దిగబోయే సన్నని ఫైలు అంతకుముందు ఎన్ని పళ్లలో తిరిగిందన్న మూడో ప్రశ్న తట్టదు. అడగాల్సింది అదీ.

రూట్ కెనాల్ చికిత్సలో పాడైన పంటి గుజ్జును తీసి, నాళాన్ని గీకి వెడల్పు చేస్తారు. ఒకప్పుడు స్టీలు ఫైళ్లతో చేత్తో చేసిన ఈ పనిని ఇప్పుడు చాలాచోట్ల మోటారుకు బిగించిన నికెల్-టైటానియం ఫైళ్లు చేస్తున్నాయి. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈ మిశ్రమ లోహంతో ఫైళ్లు చేయవచ్చని 1988లో వాలియా బృందం చూపింది. స్టీలుకన్నా రెండు మూడు రెట్లు తేలిగ్గా వంగే ఈ లోహం వంకర నాళంలోనూ దాని వంపు వెంటే సాగుతుంది.

చిక్కు కూడా ఆ గుణంతోనే. స్టీలు ఫైలు పాడైతే తరచూ వంకరపోయి ముందే హెచ్చరిస్తుంది. నికెల్-టైటానియం మాత్రం మళ్లీ మునుపటి ఆకారానికి వచ్చేస్తుంది. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఫైలు వంపు దగ్గర సెకనుకు ఐదుసార్లు సాగి, ఐదుసార్లు నొక్కుకుపోతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్టే ఇదీ తెగుతుంది. వాడిన ఫైళ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే సన్నని పగుళ్లు, గుంటలు, మొద్దుబారిన అంచులు, వాటిలో ఇరుక్కున్న పంటి పొడి కనిపిస్తాయి. అంచు మొద్దుబారితే వైద్యుడు ఇంకాస్త నొక్కుతాడు, ఫైలు మీద మెలి మరింత పెరుగుతుంది.

2000లో ఆస్ట్రేలియా పరిశోధకులు వాడి పారేసిన 378 ఫైళ్లను పరీక్షిస్తే దాదాపు సగం లోపాలతో కనిపించాయి. 21 శాతం విరిగినవే. 2004లో 7,159 ఫైళ్లపై వచ్చిన అధ్యయనంలో 17 శాతానికి లోపాలుండగా, విరిగినవి 5 శాతం. అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపేది వాడే చెయ్యేనని ఆ అధ్యయనం తేల్చింది.

ముక్క లోపల విరిగినంత మాత్రాన పన్ను పోయినట్టు కాదు. కానీ దాని దిగువన నాళం శుభ్రపడదు. అప్పటికే చీము పట్టిన పంటికి ఇది పెద్ద దెబ్బ. ముక్కను తీయబోతే పంటి గోడలు పలచబడతాయి.

బ్రిటన్ ఆరోగ్య శాఖ 2007లో ఈ ఫైళ్లను ఒక్కసారే వాడి పారేయమంది. అక్కడి భయం విరగడం కాదు, శుద్ధి చేసినా పూర్తిగా పోని ప్రియాన్ ప్రోటీన్లు. ఖరీదు దృష్ట్యా మన దగ్గర మళ్లీ వాడటం మామూలే. ఆటోక్లేవ్ క్రిములను చంపుతుంది కానీ పగుళ్లను పూడ్చదు.

పరిష్కారం కష్టమేం కాదు. ప్రతి ఫైలుకూ వాడకం లెక్క రాయాలి. వాడేముందు భూతద్దంలో చూడాలి. బాగా వంకర తిరిగిన దవడ పంటిలో తిరిగినదాన్ని పక్కన పడేయాలి. కొన్ని ఫైళ్లకు రేకులున్న చిన్న చక్రం ఉంటుంది. వాడినప్పుడల్లా వాడకాన్ని బట్టి రేకులు తుంచేస్తారు, రేకులు అయిపోతే ఫైలు ఆయుష్షు తీరినట్టే. అది లేనిచోట ఓ నోటు పుస్తకం చాలు. అందులో ఏముందో అడిగే హక్కు కుర్చీలో కూర్చున్నవారికి ఉంది.