మేడ మీదికి పాత అక్వేరియం

నాలుగడుగుల పాత అక్వేరియం చవగ్గా వస్తోందనుకోండి. మీ ఇల్లు మూడో అంతస్తులో. కొనే ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. నిండా పోస్తే 243 లీటర్లు, అంటే నీరే 243 కిలోలు. అద్దాలు, గులకరాళ్లు, స్టాండు కలిస్తే బరువు 300 కిలోలు దాటుతుంది. ఇదంతా మోపేది 0.54 చదరపు మీటర్ల నేల మీద. చదరపు మీటరుకు 550 కిలోలకు పైనే! ఇళ్ల గదులకు ఐఎస్ 875 (1987) చెప్పే భారం సుమారు 200 కిలోలు మాత్రమే.

కంగారుపడకండి. ఆ 200 గది అంతటా పరచుకొన్న భారం. శ్లాబు ఒకచోటి బరువును చుట్టూ పంచి దూలాలకు చేరవేస్తుంది. అందుకే తొట్టిని గది నడుమ కాక, కింద దూలం ఉన్న గోడవారగా పెట్టాలి. బాల్కనీ అసలే వద్దు; సాధారణంగా దానికి ఒకవైపే ఆధారం. పెచ్చులూడే పాత భవనమైతే ఇంజనీరును అడగాల్సిందే.

పాత తొట్టిలో అనుమానించవలసింది అతుకుల్లోని సిలికోన్‌ను. అమ్మేవారింట్లోనే నీళ్లు నింపించి ఒకరోజు ఉంచి చూడండి. లేదంటే ఆ పరీక్ష కింది ఇంటివారి కప్పు మీద జరుగుతుంది!

ఫిల్టరు స్పాంజిని మాత్రం కుళాయి నీటితో కడగకండి. చేపల విసర్జనలోని అమోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా అందులోనే ఉంటుంది; క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. తొట్టి నీటిలోనే తడిపి తెచ్చుకోండి.