టోఫు - వంటింటిలో ఒక ప్రయోగము

మరుగుచున్న పాలలో నిమ్మరసము పిండినచో పాలు విరిగి గడ్డ, తేట వేరగుట అందరూ ఎరిగినదే. ఆ గడ్డయే పనీరు. సోయా చిక్కుడు గింజల పాలు కూడ ఇట్లే విరుగును. ఆ గడ్డను అదిమినచో వచ్చునది టోఫు. చైనాలో పుట్టిన ఈ ఆహారము జపానులో 1183 నాటికే నైవేద్యపు పదార్థముగా పేర్కొనబడినది.

రామగుండము, గోదావరిఖని ప్రాంతమునకు గోదావరి ఆవలి ఒడ్డున, ఆదిలాబాదు నల్లరేగడి నేలలలో సోయా పండుచున్నది. ఎండిన గింజ బరువులో మూడవ వంతుకు మించి మాంసకృత్తులే. బొగ్గు బాయిలో చెమటోడ్చు కార్మికుని ఇంట ఇట్టి ఆహారమునకు విలువ చెప్పనక్కరలేదు.

250 గ్రాముల గింజలను రాత్రి నానబెట్టవలెను. వేసవిలో నీరు పులియకుండ ఒకటి రెండుసార్లు మార్చవలెను. ఉదయము మెత్తగా రుబ్బి, ఒకటిన్నర లీటరు నీరు చేర్చి, లోతైన గిన్నెలో కలియబెట్టుచు కాచవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. సోయాపాలు మరుగకముందే, సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, నురగతో పొంగును. ఇది నిజమైన మరుగు కాదు. గింజలోని సపోనినుల వలన కలుగు నురగ మాత్రమే. పచ్చి సోయాలో జీర్ణక్రియకు అడ్డుతగులు పదార్థములున్నవి. పొంగు చూచి దింపిన పాలు త్రాగి చైనాలో బడిపిల్లలు వాంతులతో, కడుపునొప్పితో బాధపడిన సందర్భములు గలవు. కనుక పొంగు రాగానే సెగ తగ్గించి, అటుపిమ్మట 10 నిమిషములు బాగుగా మరిగించవలెను.

పలుచని గుడ్డలో వడకట్టగా మిగిలిన పిప్పిని రొట్టె పిండిలో కలుపుకొనవచ్చును. పాలు కొంచెము చల్లారిన పిదప, మూడు నాలుగు చెంచాల నిమ్మరసమును నీటిలో కలిపి, మెల్లగా పోసి, పావుగంట కదపక ఉంచవలెను.

విరుగుటకు కారణమేమి? పాలలోని మాంసకృత్తుల కణములు ఋణవిద్యుదావేశము కలిగి ఒకదానినొకటి నెట్టుకొనుచుండును. ఆమ్లము ఆ ఆవేశమును పోగొట్టును. అపుడు కణములు కలిసి వలవలె అల్లుకొని, నూనెను, నీటిని తమలో బంధించును. జపానులో నిమ్మకు బదులు నిగారి వాడుదురు. సముద్రజలమునుండి ఉప్పు తీయగా మిగిలిన ద్రవమిది. ఇందలి మెగ్నీషియము క్లోరైడు ఇదే పని చేయును. తేట ఇంకను పాలవలె తెల్లగా ఉన్నచో విరుగుడు పూర్తికాలేదని అర్థము. మరికొంచెము నిమ్మరసము చేర్చవలెను.

గడ్డను గుడ్డలో మూటకట్టి, అరగంట బరువు పెట్టినచో టోఫు సిద్ధము.

దీనితో చేయు జపాను వంటకములు మిక్కిలి సులభము. చల్లార్చిన ముక్కలపై అల్లపు కోరు, ఉల్లికాడల తరుగు, కొన్ని చుక్కల సోయాసాసు వేసినచో 'హియాయక్కో'. ఇది వేసవి వంటకము, పొయ్యి వెలిగింపనక్కరలేదు. చలికాలములో ముక్కలను సముద్రపు నాచు వేసిన వేడినీటిలో నెమ్మదిగా కాగనిచ్చి తిందురు, అది 'యుదోఫు'. మన ఇండ్లలో నాచు లేకున్నను చిటికెడు ఉప్పు చాలును.

అయితే రామగుండములో వేసవి వేడి 45 డిగ్రీలకు చేరుట అరుదు కాదు. ఆ వేడిలో టోఫు త్వరగా చెడును. నీటిలో ముంచి ఫ్రిజ్‌లో ఉంచి, రోజూ నీరు మార్చి, రెండు మూడు రోజులలో ముగింపవలెను. పులిసిన వాసన గాని, జిగురు గాని కనబడినచో పారవేయవలెను.