వాన రోజున ఇంగ్లండు పల్లెలో ఏం చెయ్యొచ్చు?

మన క్లాసులోనే ఇద్దరు వచ్చే సెప్టెంబరులో ఇంగ్లండుకి పై చదువులకి వెళ్తున్నారు. కిందటి వేసవి సెలవుల్లో నేను ప్రెస్టన్‌లో మా పెద్దమ్మ కూతురి దగ్గర మూడు వారాలు ఉండి వచ్చానని వాళ్ళకి తెలుసు. "అక్కడి పల్లెటూళ్ళు చూడాలంటే ఏం పట్టుకెళ్ళాలే?" అని అడిగారు. గొడుగు తప్ప ఏదైనా పట్టుకెళ్ళండి అన్నాను. వేళాకోళం అనుకున్నారు గానీ నిజమే చెప్పాను. ఆ కొండల్లో వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. తలమీదికి టోపీ వచ్చే రెయిన్‌కోటు, నీళ్ళు దిగని బూట్లు ఉంటే చాలు.

నేను తిరిగింది ఎక్కువగా లేక్ డిస్ట్రిక్ట్‌లో. ఇంగ్లండుకి వాయవ్య మూలన, కంబ్రియాలో, కొండలూ సరస్సులూ కలిసి ఉండే ప్రాంతం అది. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. అట్లాంటిక్ సముద్రం మీదుగా వచ్చే తేమగాలి ఈ కొండలకి తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, వానవుతుంది. మన పడమటి కనుమల దగ్గర జరిగేదే. అక్కడ బారోడేల్ లోయలో సీత్‌వెయిట్ అని చిన్న పల్లె ఉంది. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. ఇంగ్లండులో మనుషులు కాపురం ఉండే చోట్లలో అంత వాన ఇంకెక్కడా పడదు. మన చెన్నైకి ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల ప్రాంతం. మనకి అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపల దంచి కొట్టి పోతుంది. వాళ్ళకి ఏడాది పొడుగునా ముసురే. అందుకని "వాన వెలిశాక బయల్దేరదాం" అనే మన అలవాటు అక్కడ పనికిరాదు. అక్కకి ఆసుపత్రిలో దొరికిన సెలవు నాలుగే రోజులు. నాలుగు రోజులూ వానే. వెలిసేదాకా ఆగి ఉంటే ప్రెస్టన్‌లో వంటింటి కిటికీ చూసి వచ్చేదాన్ని.

మొదటి రోజు మేం చేసింది చాలా తేలిక. విండర్‌మియర్‌లో రైలు దిగి 555 నంబరు బస్సు ఎక్కాం. రెండంతస్తుల బస్సు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే వదలొద్దు. రాతి గోడలు, తడిసిన గొర్రెలు, మబ్బులో సగం మునిగిన కొండలు, అన్నీ ఒళ్ళు తడవకుండా చూడొచ్చు. ఆ బస్సు గ్రాస్మియర్ మీదుగా కెస్విక్ దాకా వెళ్తుంది. కెస్విక్‌లో పెన్సిళ్ళ మ్యూజియం ఉంది. పెన్సిళ్ళకీ మ్యూజియమా అని నాకూ అనిపించింది. కానీ పెన్సిలు కథ మొదలైందే ఆ పక్క లోయలో. 1500ల్లో బారోడేల్ కొండలో స్వచ్ఛమైన గ్రాఫైటు బయటపడింది. మొదట్లో గొర్రెలకి గుర్తులు పెట్టుకోవడానికి వాడేవాళ్ళట. రెండో ప్రపంచయుద్ధంలో వైమానికుల కోసం లోపల చిన్న పటం, దిక్సూచి దాచిన పెన్సిళ్ళు కూడా ఇక్కడే చేశారు. గంటన్నరలో చూసేయొచ్చు.

గ్రాస్మియర్‌లో మాత్రం తొందరపడకండి. వర్డ్స్‌వర్త్ 1799 డిసెంబరు నుంచి 1808 దాకా ఉన్న డవ్ కాటేజి అక్కడే ఉంది. అంతకు ముందు అదొక సత్రం. గదులు చిన్నవి, చీకటిగా ఉంటాయి. బయట ఎండ కాస్తుంటే ఈ ఇల్లు అర్థం కాదని నా అభిప్రాయం. వాన రోజున లోపలికి వెళ్తే, ఇంతమంది ఈ ఇరుకులో ఏడాదంతా ఎలా గడిపారో తెలుస్తుంది. మేడమీద ఒక గదికి చలి ఆగడానికి కవి చెల్లెలు డొరతీ గోడల నిండా న్యూస్‌పేపర్లు అతికించింది. ఇప్పటికీ ఆ గది గోడలకి పాత పేపర్లే ఉన్నాయి.

డొరతీ గురించి మన ఇంగ్లీషు పాఠంలో ఎవరూ చెప్పలేదు. డాఫోడిల్స్ పద్యం స్కూల్లో అందరం బట్టీ పట్టాం కదా. అందులో కవి ఒంటరిగా తిరుగుతుంటాడు. ఆ పూలు కనిపించింది 1802 ఏప్రిల్ 15న, అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున. ఆ రోజు డొరతీ పక్కనే ఉంది. ఇంటికి వచ్చాక రోజువారీ పుస్తకంలో అంతా రాసిపెట్టింది. పద్యం ఆ తర్వాత రెండేళ్ళకి పుట్టింది, 1807లో అచ్చయింది. ఆమె గ్రాస్మియర్ డైరీ మాత్రం ఆమె బతికుండగా అచ్చు కాలేదు. ఆ డైరీ ప్రకారం అది ఎండ కాసే వసంతం రోజు కాదు. గాలి విపరీతంగా ఉంది. దారిలో పడవల కొట్టంలో కాసేపు తలదాచుకున్నారు. తర్వాత వాన పట్టుకుంది. తడిసి సత్రానికి చేరి, పొడిబట్టలు కట్టుకుని, మంట దగ్గర కూచున్నారు. కిటికీ మూల పేర్చి ఉన్న పాత పుస్తకాలు తీసి విలియం చదువుకున్నాడు. వేడినీళ్ళలో రమ్ము కలుపుకుని తాగారు (మేడమ్‌గారు క్షమించాలి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను). వాన రోజున ఏం చెయ్యాలని మీరు నన్ను అడిగితే ఆ సాయంత్రాన్నే చూపిస్తాను. రమ్ము బదులు టీ పెట్టుకోండి.

పల్లెల్లోని పబ్బులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పబ్ అనగానే నొసలు చిట్లించొద్దు. మధ్యాహ్నం పూట పిల్లలూ ముసలివాళ్ళూ కూడా కూచుని ఉంటారు. ఒక సూప్, రొట్టె తీసుకుని నిప్పు దగ్గర గంటసేపు కూచున్నా ఎవరూ లెమ్మనలేదు. అల్మారాలో చిరిగిన పుస్తకాలు, చదరంగం పెట్టె కూడా ఉన్నాయి.

నాలుగో రోజున మరో దిక్కుకి, యార్క్‌షైరులోని హావర్త్‌కి వెళ్ళాం. బ్రాంటీ అక్కచెల్లెళ్ళు ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. భోజనాల గదిలో ఒక బల్ల ఉంది. దానిమీద సిరా మరకలు, కొవ్వొత్తి కాలిన మచ్చ, చిన్నగా చెక్కిన 'ఇ' అక్షరం కనిపిస్తాయి. బయట చూస్తే గాలీ వానా, ఎదురుగా శ్మశానం. రాత్రి పూట షార్లెట్, ఎమిలీ, ఆన్ ముగ్గురూ ఆ బల్ల చుట్టూ తిరుగుతూ, రాస్తున్న నవలల గురించి మాట్లాడుకునేవాళ్ళు. 1848లో ఎమిలీ పోయింది, 1849లో ఆన్ పోయింది. ఆ తర్వాత షార్లెట్ ఒక్కతే ఆ బల్ల చుట్టూ తిరిగేదని ఇంట్లో పనిచేసిన ఆవిడ చెప్పింది. గది నిజంగా చిన్నది. ముగ్గురు నడిస్తే మోచేతులు తగులుతాయి. ఒక్కరు నడవడానికి మాత్రం ఆ చోటే మరీ ఎక్కువ అనిపించింది నాకు. అక్క ఏమీ మాట్లాడలేదు. పిన్నికి ఫోన్ చెయ్యవే, రెండు రోజులైంది అని మాత్రం అంది.

ఖర్చు సంగతి. ఈ ఇళ్ళ టికెట్లు మన రూపాయల్లో లెక్కేస్తే గుండె ఝల్లుమంటుంది. అందుకని రోజుకి ఒక్కటే చూడండి. డబ్బు లేకుండా చూడదగినవి ఊరి చర్చిలు. పగలు చాలావాటి తలుపులు తీసే ఉంటాయి. తడిబూట్లు గుమ్మం దగ్గర తుడుచుకుని వెళ్ళి కూచోవచ్చు. మోకాళ్ళూనే దిండ్లమీద కుట్టుపని చూడండి. చాలా చోట్ల ఊరి ఆడవాళ్ళే కుట్టినవి. గ్రాస్మియర్ చర్చి ఆవరణలో వర్డ్స్‌వర్త్, డొరతీ సమాధులున్నాయి. గేటు పక్కనే 1854 నుంచి పేరున్న అల్లం బిస్కెట్ల కొట్టు ఉంది. చిన్న పొట్లం కొనుక్కోండి, తినేదాకా సంచిలో అల్లం వాసనే.

చెయ్యకూడని పని ఒకటుంది. మబ్బు దిగినప్పుడు కొండ ఎక్కొద్దు. దారి కనపడదు, చిన్న వాగులు గంటలో పొంగుతాయి. 2015 డిసెంబరు 5న హోనిస్టర్ కనుమ దగ్గర 24 గంటల్లో 341.4 మిల్లీమీటర్లు పడింది. బ్రిటనులో అది రికార్డు. కెస్విక్‌లో పెన్సిళ్ళ మ్యూజియం కూడా ఆ వరదలో మునిగింది. నడవాలని మరీ ఉంటే అల్స్‌వాటర్ పక్కన ఏరా ఫోర్స్ జలపాతానికి వెళ్ళండి. బాట బాగుంటుంది. వాన పడ్డాకే దానికి నిండుతనం వస్తుంది.

బూట్లు ఎంత మంచివైనా ఎంతో కొంత తడుస్తాయి. హీటరు మీద పెట్టకండి, తోలు పగులుతుంది. రాత్రి పాత పేపర్లు ఉండచుట్టి లోపల కుక్కండి. గంటకోసారి మార్చితే తెల్లారేసరికి వేసుకునేంతగా ఆరతాయి. మేం దిగిన ఇంటావిడ అడక్కుండానే ఒక కట్ట పేపర్లు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.