డికాషన్‌కు సోడా తోడు

మే నెల మధ్యాహ్నం కోడుమూరులో పొయ్యి ముందు నిలబడి పాలు కాచడమంటే ఎవరికైనా విసుగే. హంద్రీలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనబడే రోజులవి. నలభై డిగ్రీలు దాటడం కర్నూలు జిల్లాకు మామూలే. అయినా నాలుగు గంటలయ్యేసరికి మనసు కాఫీ మీదికి పోతుంది. ఆ వేళకు తగిన కాఫీ ఒకటుంది. దానికి పాలు వద్దు, మంట వద్దు. రాత్రి నానబెట్టిన డికాషన్, సోడా, ఇంట్లో ఓ నన్నారి పాకం సీసా ఉంటే చాలు.

కాఫీలో సోడా ఏమిటని ముఖం చిట్లించకండి. ఈ జోడీ పాతదే. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మాన్‌హాటన్ స్పెషల్ అనే కాఫీ సోడా 1895లోనే పుట్టింది. స్టార్‌బక్స్, పెప్సీ కలిసి 1990ల మధ్యలో మజగ్రాన్ పేరుతో తెచ్చిన సీసా కాఫీ మాత్రం నిలవలేదు. నా మటుకు ఇది అప్పటికప్పుడు కలిపి తాగాల్సిన పానీయం. అందుకే అంగడికంటే ఇంటికే బాగా నప్పుతుంది.

ముందు పొడి సంగతి. మనం కొనే ఫిల్టర్ కాఫీ పొడుల్లో చాలావాటిలో చికోరీ ఉంటుంది. సగానికి కాస్త తక్కువగా, 49 శాతం దాకా కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది. పాలల్లో ఆ చిక్కదనం బాగుంటుంది కానీ, సోడాలో చేదు ఒక్కటే నాలుకకు తగులుతుంది. చికోరీ లేని అరబికా పొడి తీసుకోండి. మన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు మిరియాల తీగలు పాకిన చెట్ల నీడన పండించే ఆ గింజ ఈ పానీయానికి చక్కగా సరిపోతుంది.

వంద గ్రాముల బరక పొడిని 800 మిల్లీలీటర్ల చన్నీళ్లలో కలిపి, మూతపెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మన ఎండలకు బయట వదిలేయొద్దు. పొద్దున్నే పలుచని బట్టలో వడగట్టండి. ఇలా చల్లగా దిగిన డికాషన్‌లో చేదు, పులుపు తగ్గుతాయి.

సోడా కూడా ఫ్రిజ్‌లో పెట్టిందే కావాలి. ఇరవై డిగ్రీల నీళ్లలో పట్టే గ్యాస్‌కు దాదాపు రెట్టింపు సున్నా డిగ్రీల దగ్గర పడుతుంది. వెచ్చని సోడా గ్లాసులో పడగానే చప్పబడిపోయేది అందుకే. గోలీసోడా దొరికితే అంతకంటే కావాల్సిందేముంది! ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ పొందిన ఆ సీసాలో, లోపలి గ్యాసే గోలీని పైకి తోసి రబ్బరు రింగుకు బిగించి పెడుతుంది.

గ్లాసులో సగం దాకా ఐసు, రెండు చెంచాల నన్నారి, కాస్త నిమ్మరసం. ఆపైన 150 మిల్లీలీటర్ల సోడా. చివరగా 50 మిల్లీలీటర్ల డికాషన్‌ను చెంచా మీదుగా మెల్లగా జారవిడవాలి. ఈ వరస తప్పొద్దు. కాఫీలోని మాంసకృత్తుల్లాంటి పదార్థాలు బుడగల్ని పగలనివ్వవు. డికాషన్ మీద సోడా గుమ్మరిస్తే నురగ పొంగి గ్లాసు దాటుతుంది. ఇంట్లో సోడా మెషిన్ ఉన్నవాళ్లు కూడా అందులో నీళ్లకే గ్యాస్ పట్టించండి, డికాషన్‌కు వద్దు. పాలు అసలే కలపొద్దు, విరిగిపోతాయి.

ఇక నన్నారి. రాయలసీమ బజార్లలో నిమ్మకాయ, సోడాలతో కలిపి అమ్మే ఈ సుగంధి వేరు పాకానికి, కాఫీకి ఇంత పొత్తు ఎలా కుదిరిందో రసాయనశాస్త్రం చెబుతుంది. ఆ వేరు వాసనకు మూలమైన పదార్థంలోనూ, వెనిలా పరిమళమిచ్చే వెనిలిన్‌లోనూ ఉన్నవి అవే పరమాణువులు. అమరిక ఒక్కటే వేరు. కేఫుల్లో కాఫీకి వెనిలా సిరప్ పోసి ఎక్కువ డబ్బు తీసుకుంటారు. మనకు అంతకంటే లోతైన వాసన, మట్టి సువాసనతో కలిసి, వీధిలోనే దొరుకుతోంది. నన్నారి లేనిరోజు చీనీకాయ రసం పిండి, పైన కాస్త తొక్క చిదమండి. బెల్లం, శొంఠి పాకం కూడా బాగుంటుంది కానీ అది వానాకాలానికి.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పక్కన దీన్ని ఓసారి తాగి చూడండి. సోడా మాత్రం ఊళ్లో సోడా కొట్టేవాళ్ల దగ్గరే కొనండి. సాయంత్రం ఆరు దాటితే ఇది వద్దు, నిద్ర పట్టదు. పిల్లలకు డికాషన్ లేకుండా ఉత్త నన్నారి సోడా ఇవ్వండి.