ఏడాది ఉద్యోగానికీ గ్రాట్యుటీ ఉంది

పుదుచ్చేరిలో మన సిబ్బంది పిల్లలు కొందరు సేదరాపేట, మేట్టుపాళయం కంపెనీల్లో ఏడాదికో రెండేళ్లకో అని ఆర్డరు తీసుకుని చేరుతున్నారు. ‘టెంపరరీయే కదా, చివర్లో ఏం వస్తుంది?’ అన్న మాట ఇళ్లలో వినిపిస్తూనే ఉంటుంది.

వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, కంపెనీ నేరుగా నిర్ణీత కాలానికి తీసుకున్నవారికి ఐదేళ్లు నిండనక్కర్లేదు, ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ ఇవ్వాలి. లెక్క పాతదే: ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజులు. వేతనం రూ.26,000 అయితే ఏడాదికి రూ.15,000. చిన్న మొత్తమేమీ కాదు. అందుకే ఆర్డరు కాపీ, జీతం స్లిప్పులు దాచుకోమనండి. పీఎఫ్ పాస్‌బుక్కు నెలనెలా చూసుకోమనండి. జీతంలో కోసినంత మాత్రాన ఖాతాలో జమ అయినట్టు కాదు.

ఏజెన్సీ ద్వారా చేరినవారి సంగతి వేరు. మన బ్రాంచీల్లో ఊడ్చేవారు, కాపలా కాసేవారు చాలామంది ఇలాంటివారే. వారికి యజమాని కాంట్రాక్టరు. అయితే అతను జీతం ఎగ్గొడితే, పని చేయించుకున్న సంస్థే చెల్లించి అతని దగ్గర రాబట్టుకోవాలి. 1970 చట్టం నుంచీ ఉన్న ఈ నియమం మన మేనేజర్లలోనే అందరికీ గుర్తుండదు.

పర్మనెంటు మాత్రం తేలిక కాదు. ఏళ్లు గడిచినంత మాత్రాన ఆ హక్కు రాదని సుప్రీంకోర్టు 2006లో ఉమాదేవి కేసులో చెప్పింది. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని నిత్యం ఉండే పనిని తాత్కాలికం పేరుతో సాగదీయడం తప్పని 2024లో జగ్గో కేసులో అన్నది.

ఫిర్యాదు ఉంటే ప్రైవేటు కంపెనీ మీద పుదుచ్చేరి కార్మిక శాఖకు, బ్యాంకు కాంట్రాక్టు పని అయితే కేంద్ర లేబర్ కమిషనర్ యంత్రాంగానికి వెళ్లాలి.