గీతలు కలవకపోతే తప్పెవరిది?

డ్రాయింగుల్లో తేడాలకు కాంట్రాక్టర్ కారకుడు కాకపోవచ్చు. చూసీ చూడనట్టు ఊరుకుంటే మాత్రం బాధ్యత తప్పదు

ఆర్కిటెక్ట్ ప్లాన్‌లో స్తంభం వెడల్పు 230 మిల్లీమీటర్లు, స్ట్రక్చరల్ ఇంజనీర్ డ్రాయింగులో 300 మిల్లీమీటర్లు ఉందనుకోండి. కాంక్రీటు సిద్ధంగా ఉంది. మేస్త్రీ ఏ కాగితాన్ని నమ్మాలి?

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్ లాంటి చోట ఈ ప్రశ్నకు బరువెక్కువ. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద అక్కడ తొలుత తొమ్మిది వేలకు పైగా ఫ్లాట్లు తలపెట్టారు. ఒకే నమూనాను పదేపదే కట్టే ఇలాంటి పథకాల్లో కాగితం మీది పొరపాటు ఒక గదితో ఆగదు. అంతస్తు నుంచి అంతస్తుకు పాకుతుంది.

నిబంధనలు లేకపోలేదు. కేంద్ర ప్రజా పనుల శాఖ కాంట్రాక్టు షరతుల ప్రకారం చిన్న స్కేలు డ్రాయింగు కన్నా వివరమైన డ్రాయింగుకు, స్కేలుతో కొలిచిన దానికన్నా అంకెల్లో రాసిన కొలతకు ప్రాధాన్యం. పత్రాల మధ్య తేడా వస్తే పనుల పరిమాణాల పట్టికలోని వివరణదే మొదటి స్థానం. ప్రత్యేక షరతులు ఆ తర్వాత, డ్రాయింగులు మూడో స్థానంలో వస్తాయి. అయితే ఈ వరుస బిల్లుల తగాదాలు తీరుస్తుందే గానీ స్తంభం ఎంత బరువు మోయగలదో చెప్పదు.

మరి నష్టం ఎవరు భరించాలి? అమెరికా సుప్రీంకోర్టు 1918లోనే స్పియరిన్ కేసులో ఓ గీత గీసింది. యజమాని ఇచ్చిన ప్లాన్ ప్రకారం కట్టిన కాంట్రాక్టర్‌ను ఆ ప్లాన్‌లోని లోపాలకు బాధ్యుణ్ని చేయలేమంది. స్థలం చూసుకోవాలి, ప్లాన్లు సరిచూసుకోవాలి అన్న షరతులు ఆ రక్షణను తొలగించవని స్పష్టం చేసింది. కానీ కొట్టొచ్చినట్టు కనిపించే తేడాపై ముందే ప్రశ్నించకపోతే కాంట్రాక్టర్ వాదన నిలవదన్నది అక్కడి తర్వాతి తీర్పుల సారాంశం. అంతర్జాతీయంగా వాడే ఫిడిక్ ఒప్పందాలదీ అదే దారి. సాంకేతిక లోపం తెలిసిన పక్షం వెంటనే రెండో పక్షానికి తెలియజేయాలి.

ప్రశ్నించకపోతే ఏమవుతుందో కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్ చూపింది. ఒకే పొడవాటి కడ్డీకి వేలాడాల్సిన రెండు నడక వంతెనలను తయారీ డ్రాయింగుల్లో వేర్వేరు కడ్డీలకు మార్చారు. దాంతో పై వంతెన అతుకు మీద భారం రెట్టింపయింది. ఇంజనీర్ల ముద్ర పడింది గానీ లెక్క ఎవరూ సరిచూడలేదు. 1981 జులై 17న వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. ఇద్దరు ఇంజనీర్లు లైసెన్సులు కోల్పోయారు.

జాగ్రత్తకయ్యే ఖర్చు స్వల్పమే. పని మొదలయ్యే ముందే డ్రాయింగులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. అనుమానాన్ని నోటిమాటగా వదలక లిఖితపూర్వకంగా అడగాలి. జవాబొచ్చేదాకా ఆ భాగం ఆపాలి. పాత ప్రతులను సైటు నుంచి తీసేయాలి. జవాబివ్వాల్సిన ఇంజనీరు తాత్సారం చేస్తే ఆ ఆలస్యం భారాన్ని కాంట్రాక్టర్ నెత్తిన రుద్దకూడదు. లేదంటే మరోసారి ఎవరూ ప్రశ్న అడగరు.

2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే ప్రమోటర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. తప్పు ఏ డ్రాయింగుదన్న పంచాయితీ కొన్నవారికి అనవసరం. కానీ గోడలో కలిసిపోయిన స్తంభాన్ని సరిచేయడం కాగితం మీద గీత దిద్దినంత తేలిక కాదు.