వేసవిలో పాడి గేదెను అమ్ముకోకుండా ఉండాలంటే: మేత, కొట్టం, అప్పు, బీమా – ఏ పథకం ఎప్పుడు, ఎలా?

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కంభం ప్రాంతాల్లో ఒకటి రెండు గేదెలు, నాలుగైదు మేకలు పెట్టుకుని బతికే కుటుంబాల కోసం ఈ సమాచారం. చదవడం రాని వారికి ఇంట్లో పిల్లల చేత చదివించండి. మీ డ్వాక్రా గ్రూపులో కూడా పంపండి.

ముందుగా అసలు విషయం

మన పడమటి మండలాల్లో పాడి ఎక్కడ దెబ్బతింటుందో అందరికీ తెలిసిందే. కార్తీకంలో ఆరు లీటర్లు ఇచ్చిన బర్రె ఉగాది దాటేసరికి రెండు లీటర్లకు వస్తుంది. బోరు ఎండిపోతుంది. వామి అయిపోతుంది. పల్నాడు వైపు నుంచి ట్రాక్టరు వరిగడ్డి తెప్పించుకోవాలంటే చేతిలో డబ్బు ఉండదు. అప్పుడు బేరగాడు వస్తాడు. గేదె సగం ధరకు పోతుంది, దాని మీద తెచ్చిన అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. వానలు పడ్డాక మళ్లీ గేదె కొనాలంటే పూర్తి ధర పెట్టాలి.

అంటే నష్టం పాల దగ్గర మొదలు కాదు, మేత దగ్గర మొదలవుతుంది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు మన పొలాలకు చేరితే పరిస్థితి మారుతుంది. కానీ గొడ్డు ఈ వేసవికే మేత అడుగుతుంది. అందుకే పథకాలను ఈ వరుసలో వాడుకోండి: మొదట మేత, తర్వాత కొట్టం, తర్వాత పెట్టుబడి అప్పు, బీమా. కొత్త గేదె కొనడం అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తలకిందులు చేస్తున్నారు.

1. మేత: ఒక గేదెకు ఎంత కావాలి?

పాలిచ్చే గేదెకు రోజుకు సుమారు 20 నుంచి 25 కిలోల పచ్చిమేత, 5 నుంచి 6 కిలోల ఎండుమేత కావాలి. దాణా విషయంలో లెక్క తేలిక: ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు.

మార్చి నుంచి జూన్ దాకా 120 రోజులు. రోజుకు 6 కిలోల లెక్కన ఎండుమేతే 720 కిలోలు. పచ్చిమేత అసలు దొరకకపోతే టన్నుకు పైగా కావాలి. ఈ లెక్క సంక్రాంతికే వేసుకోవాలి. చొప్ప, వరిగడ్డి అప్పుడు కొంటే ఒక ధర, ఏప్రిల్‌లో కొంటే ఇంకో ధర.

పథకం ఏమిస్తుంది? జాబ్ కార్డు ఉన్న సన్న, చిన్నకారు రైతులు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలు, మహిళ ఇంటి పెద్దగా ఉన్న కుటుంబాలు తమ సొంత భూమిలో బహువార్షిక పశుగ్రాసం పెంచుకోవడానికి ఉపాధి హామీ కింద అడగవచ్చు. గడ్డి విత్తనాలు రాయితీ మీద వచ్చినప్పుడు రైతు సేవా కేంద్రంలో ఇస్తారు. విత్తనం వచ్చాక పేరు రాయించుకోవడం కాదు, ముందే మీ పశు సంవర్ధక సహాయకుడికి చెప్పి ఉంచండి.

ఏది వేయాలి?

• బోరులో ఏడాది పొడవునా కాస్త నీళ్లుంటే: సూపర్ నేపియర్ లేదా కో-4 కణుపులు. నాటిన 70, 75 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత 45 రోజులకొకటి. నీళ్లు, ఎరువు బాగా అందితే 10 సెంట్ల మడి ఒక గేదెకు సరిపోతుంది.
• నీళ్లు తక్కువైతే: చాలాసార్లు కోతకొచ్చే పశుగ్రాస జొన్న, దాని పక్కన అలసంద.
• నీళ్లే లేకపోతే: గట్ల మీద దశరథ గడ్డి, అవిసె, సుబాబుల్. సుబాబుల్ ఆకు మొత్తం పచ్చిమేతలో మూడో వంతు మించకూడదు.
• కంది పండించేవాళ్లు నూర్చిన తర్వాత పొట్టును కళ్లంలో వదిలేయొద్దు. వరిగడ్డి కన్నా దానిలో బలం ఎక్కువ.

వరిగడ్డిని బలంగా మార్చుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కాలి. గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీసిన గడ్డిని గంటసేపు గాలికి ఆరబెట్టి, మొదట కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియా కలిపిన నీళ్ల బకెట్ గొడ్లకు అందేచోట క్షణం కూడా ఉంచొద్దు, తాగితే ప్రాణం పోతుంది.

జాగ్రత్త: లేత జొన్న చంపేస్తుంది

ఏటా వానలు మొహం చాటేసినప్పుడు వినే మాట ఇది: జొన్న చేలో పడ్డ గొడ్డు అక్కడికక్కడే పడిపోయిందని. బెట్టకు వాడిన లేత జొన్నలోనూ, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకల్లోనూ సైనైడ్ విషం ఉంటుంది. దీన్నే కొందరు దిష్టి అనుకుని ఆలస్యం చేస్తారు. నోట నురగ, ఆయాసం, తూలడం కనిపిస్తే వెంటనే 1962కు ఫోన్ చేయండి. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, కానీ నిమిషాల మీద అందాలి. పూత దశకు రాకముందు జొన్నను మేపొద్దు. మేపక తప్పని పరిస్థితి అయితే కోసి బాగా ఎండబెట్టాకే వేయండి.

మందు కొట్టిన పత్తి, మిరప చేల గట్ల గడ్డి కూడా అంతే. కోసే ముందు ఆ చేను వాళ్లను అడగండి.

2. కొట్టం, నీళ్లు: గోకులం యూనిట్

గేదెకు నల్ల చర్మం, చెమట తక్కువ. మన దగ్గర మే నెల ఎండకు నీడ లేకుండా కట్టేస్తే తిన్నది పాలుగా మారదు, ఎదకు కూడా రాదు. అందుకే ఉపాధి హామీ కింద గోకులం షెడ్లు మంజూరు చేస్తున్నారు. 2024–25లో మంజూరైన యూనిట్ల లెక్క ఇది:

• 2 పశువుల షెడ్డు – 1.15 లక్షల రూపాయలు
• 4 పశువుల షెడ్డు – 1.85 లక్షల రూపాయలు
• 6 పశువుల షెడ్డు – 2.30 లక్షల రూపాయలు

ఇందులో రైతు వాటా 10 శాతం. అంటే రెండు పశువుల షెడ్డుకు మీరు పెట్టేది 11,500 రూపాయలు. గొర్రెలు, మేకల షెడ్డుకు 20 జీవాలకు 1.30 లక్షలు, 50 జీవాలకు 2.30 లక్షలు. వీటిలో రైతు వాటా 30 శాతం.

తప్పక గుర్తుంచుకోవాల్సినవి: మంజూరు పత్రం చేతికి రాకముందు పని మొదలుపెట్టొద్దు. ఖాళీ స్థలం, పని జరుగుతున్నప్పుడు, పూర్తయ్యాక – ఇలా ఫొటోలు స్థలం గుర్తుతో సహా తీస్తారు. ముందే కట్టేస్తే ఆ ఖర్చు బిల్లులోకి రాదు. సొమ్ము కొలతల ప్రకారం వస్తుంది కాబట్టి అంచనాలో రాసిన కొలతలు ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గర ముందే అడిగి తెలుసుకోండి. "నేను చూసుకుంటాను, ఇంత ఇవ్వు" అనే మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు.

షెడ్డు మంజూరు అయ్యేలోపు వేప చెట్టు నీడ, పైన చొప్ప పందిరి, మధ్యాహ్నం రెండుసార్లు ఒంటి మీద నీళ్లు చాలు. తాగే నీళ్లు మాత్రం ఎప్పుడూ ముందుండాలి. ఎండాకాలం పాడి గేదెకు రోజుకు 60, 70 లీటర్లు పడుతుంది. పూటకో బకెట్ కుడితి పెట్టి పాలు తగ్గాయని బాధపడితే లాభం లేదు. మన ప్రాంతంలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది మనుషులకే కాదు, గొడ్ల పళ్లనూ కాళ్లనూ దెబ్బతీస్తుంది. చెరువు నీళ్లు, ఊరి నీటి తొట్టె అందుబాటులో ఉంటే వాటినే తాపండి.

3. పెట్టుబడి: పశువుల కిసాన్ క్రెడిట్ కార్డు

కిసాన్ కార్డు పొలం ఉన్నవాళ్లకే అనుకుంటారు. 2018–19 నుంచి పశువులు పెంచేవాళ్లకూ ఇస్తున్నారు. సొంత భూమి లేకపోయినా గేదెలు మేపుకునేవాళ్లు అడగవచ్చు.

ఈ అప్పు గేదె కొనడానికి కాదు. మేత, దాణా, మందులు, కరెంటు లాంటి రోజువారీ ఖర్చులకు. ఒక్కో పశువుకు ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయిలో నిర్ణయించిన రేటు ప్రకారం బ్యాంకు లెక్క కడుతుంది. వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. పశువుల కోసం ఈ వడ్డీ రాయితీ 2 లక్షల దాకా వర్తిస్తుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది.

లెక్క చూడండి. 40,000 రూపాయలు ఏడాదికి తీసుకుంటే:

• కార్డు మీద, గడువులోగా కడితే వడ్డీ 1,600
• కార్డు మీద, గడువు దాటితే రాయితీ పోతుంది. 7 శాతం లెక్కనే 2,800, ఆపైన బ్యాంకు ఎక్కువ కూడా వేయవచ్చు
• ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 9,600

తేడా 8,000 రూపాయలు. ఒక వేసవి మేతకు అదే చాలావరకు సరిపోతుంది. సంక్రాంతికి గడ్డి కొనడానికి ఈ డబ్బు వాడుకోండి.

బ్యాంకుకు తీసుకెళ్లాల్సినవి: ఆధార్, పాస్‌బుక్, ఫొటోలు, మీ దగ్గర ఎన్ని పశువులున్నాయో పశువైద్యశాల నుంచి ధ్రువీకరణ. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసి ఇవ్వమని అడగండి.

గేదె కొనాలనుకునే మహిళలు తమ సంఘం ద్వారా బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రుణాల గురించి అడగాలి. కొనేటప్పుడు రెండో ఈతలో ఉన్నదాన్ని, దూడతో సహా, మూడు పూటలు మీ కళ్ల ముందు పాలు పిండించి చూశాకే డబ్బు ఇవ్వండి.

4. చెవి ట్యాగు, బీమా, టీకాలు

చెవికి వేసే 12 అంకెల ట్యాగే గేదెకు ఆధార్. ట్యాగు వేస్తే పాలు తగ్గుతాయనే మాటలో నిజం లేదు. ట్యాగు లేకపోతే బీమా లేదు.

జాతీయ పశుధన మిషన్ కింద 2024లో మార్చిన నిబంధన ప్రకారం బీమా ప్రీమియంలో రైతు కట్టేది 15 శాతమే. మిగతాది కేంద్రం, రాష్ట్రం కడతాయి. గేదె చనిపోతే చేయాల్సింది ఇది:

• పూడ్చిపెట్టకముందే, వెంటనే, పశువైద్యుడికీ బీమా కంపెనీకీ చెప్పాలి
• ట్యాగు కనిపించేలా ఫొటో తీయాలి
• పోస్టుమార్టం చేయించాలి
• ట్యాగు ఊడిపోయి ఉంటే అది ముందే చెప్పి మళ్లీ వేయించుకుని ఉండాలి. చనిపోయాక చెబితే చెల్లదు

గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు ఉచితం. ఆడ దూడలకు 4 నుంచి 8 నెలల వయసులో బ్రూసెల్లా టీకా ఒక్కసారి చాలు. వానలకు ముందు గొంతువాపు టీకా వేయించండి.

5. ఎద, దూడ, పాల బిల్లు

గేదె ఎదకు వచ్చినట్టు పైకి తక్కువగా కనిపిస్తుంది. తెల్లవారుజామున, రాత్రి పూట గమనించండి: తీగలు, అరుపు, పాలు చేపకపోవడం, మాటిమాటికీ మూత్రం. సాయంత్రం కనిపిస్తే మరునాడు పొద్దున ఇంజెక్షన్ చేయించాలి. ఒక్క ఎద తప్పితే 21 రోజుల మేత ఊరికే పోయినట్టు. ఆడ దూడలే ఎక్కువగా పుట్టే లింగ నిర్ధారిత వీర్యం గురించి కూడా అడగండి. దానితో పదింటిలో తొమ్మిది దాకా పెయ్యలు పుట్టే అవకాశం ఉంది.

ఈనిన గంటలోపు దూడకు జున్నుపాలు తాపాలి, మాయ పడేదాకా ఆగక్కర్లేదు. మొదటి రెండు వారాల్లోనే ఏలిక పాముల మందు పట్టించాలి. గేదె దూడలు ఎక్కువగా పోయేది ఈ రెండూ తప్పినప్పుడే.

ఇక బిల్లు. కేంద్రంలో డబ్బు వచ్చేది పాల కొలతకు మాత్రమే కాదు, వెన్నకు కూడా. లెక్క కోసం కిలో వెన్నకు 750 రూపాయలు అనుకుందాం. 5 లీటర్లు 6 శాతం వెన్నతో పోస్తే 300 గ్రాముల వెన్న, 225 రూపాయలు. అదే 7 శాతంతో పోస్తే 350 గ్రాములు, 262.50. నెలకు తేడా 1,125 రూపాయలు. పొదుగులో చివర వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ. అందుకే పొదుగు పూర్తిగా పిండండి, దూడకు మొదటి పాలు వదలండి. ఎండుమేత తగ్గినా వెన్న తగ్గుతుంది. పోసిన ప్రతి పూటా చీటీ తీసుకోండి. అందులో లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి.

నెలల వారీగా గుర్తుంచుకోండి

• జూన్, జూలై: గడ్డి కణుపులు నాటడం, టీకాలు
• సెప్టెంబరు నుంచి డిసెంబరు: గోకులం, కిసాన్ కార్డు దరఖాస్తులు, ఎద గమనించడం
• జనవరి: వేసవి మేత లెక్క, కొనుగోలు, వామి వేయడం
• ఫిబ్రవరి: బీమా గడువు, ట్యాగు సరిచూసుకోవడం
• మార్చి నుంచి మే: నీడ, నీళ్లు, యూరియా గడ్డి

ఎవరిని కలవాలి?

మేత విత్తనం, ట్యాగు, టీకా, బీమా: రైతు సేవా కేంద్రంలో పశు సంవర్ధక సహాయకుడు. షెడ్డు, ఉపాధి హామీ గడ్డి: ఫీల్డ్ అసిస్టెంట్, మండలంలో ఏపీవో. కార్డు: మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ. గొడ్డుకు ఆపద వస్తే 1962, ఫోన్‌కు డబ్బు పడదు, సంచార వైద్య వాహనం మీ ఊరికే వస్తుంది.

మేత చాలక గేదెను అమ్మాలనే ఆలోచన వస్తే, బేరగాడితో మాట్లాడే ముందు ఒక్కసారి మీ పశువైద్యశాలకు వెళ్లి రండి. కార్డు మీద దొరికే మేత డబ్బెంత, అమ్మితే వచ్చే నష్టమెంత, పక్కపక్కన రాసి చూసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.